సబ్బు సుద్దముక్కలా విరిగిపోయింది: మళ్ళీ వండాలా, పారేయాలా?

వంటింటి సబ్బు:
మొదటిసారి ఇంట్లో సబ్బు చేశాను. ఒక వీడియోలో 500 కొబ్బరి నూనెకు 87 గ్రాముల కాస్టిక్ సోడా అన్నారు. మా పాపకు ఒళ్లు పొడిబారుతుందని, అందులో 200 తగ్గించి నువ్వుల నూనె పోశాను. సోడా మాత్రం మార్చలేదు. రెండో రోజు కోస్తే సుద్దముక్కలా విరిగింది. లోపల అక్కడక్కడా తడి గుంటలున్నాయి. నాలుక చివర తాకిస్తే కరెంటు కొట్టినట్టు చురుక్కుమంది. గానుగ నూనె పోసి చేశాను, పారేయడానికి మనసు రావడం లేదు.

పల్లెటూరి పిన్ని:
పారేయకమ్మా. మేం చేసినవి 6 వారాలు గాలి తగిలేచోట పెడతాం. ఆరేకొద్దీ ఘాటు పోతుంది. మరీ భయమైతే కరిగించి కాస్త నిమ్మరసం పిండు.

మాజీ కెమిస్ట్రీ టీచర్:
పిన్నిగారూ, లెక్క సరిగ్గా ఉన్న సబ్బుకు మీ మాట నిజం. దీనికి కాదు. ఒక్కో నూనె ఒక్కో మోతాదులో సోడాను తీసుకుంటుంది. గ్రాము కొబ్బరి నూనెకు సుమారు 0.183 గ్రాములు కావాలి, నువ్వుల నూనెకు 0.134 చాలు. అంటే 300కి 55, 200కి 27, మొత్తం 82. చర్మానికి వాడే సబ్బులో 5 శాతం తగ్గించి 78 వేస్తాం. ఈ అమ్మాయి 87 వేసింది. మిగిలిన సోడాకు కలవడానికి నూనే లేదు. ఆరబెడితే నీళ్లు పోతాయి, పైపొర గాలికి కాస్త మారుతుంది, లోపలి సోడా అలాగే ఉంటుంది. నిమ్మరసం సోడాతో పాటు తయారైన సబ్బును కూడా విరగ్గొడుతుంది. ఎంత పిండాలో కొలత లేకుండా అది వద్దు.
అమ్మా, ఆ తడి గుంటల్ని మాత్రం నాలుకతో చూడకు. అవి కాస్టిక్ నీళ్లే కావచ్చు.
ఒక ప్రశ్న: 300, 200 అన్నావు. గ్రాములా, మిల్లీలీటర్లా?

వంటింటి సబ్బు:
కొలగిన్నెతో పోశానండీ. మిల్లీలీటర్లే.

పెరటి కుంకుడు:
అయితే పారేయండి. కొలత మీదే నమ్మకం లేనప్పుడు దాన్ని పాప ఒంటికి ఎలా రుద్దుతారు? నూనె ఖరీదు కన్నా చర్మం ముఖ్యం. నాకు ఒకసారి ఇలాంటి సబ్బుతో అరచేతులు ఎర్రబడి వారం మండాయి.

మాజీ కెమిస్ట్రీ టీచర్:
మీ భయం న్యాయమే. కానీ ఇక్కడ తప్పు ఎక్కడ జరిగిందో తెలిసింది, అందుకే బాగుచేయొచ్చు అంటున్నాను. లీటరు నూనె ప్యాకెట్ మీద 910 గ్రాములని ఉంటుంది చూడండి. ఆ లెక్కన 273 గ్రాములు కొబ్బరి, 182 నువ్వులు. వీటికి పట్టేది 74 గ్రాముల సోడానే. 12 గ్రాములకు పైగా మిగిలిపోయింది. ఇంకో 95 గ్రాముల కొబ్బరి నూనె, ఈసారి తూకం వేసి, కలిపితే 5 శాతం నూనె మిగిలే సబ్బు అవుతుంది.
గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని ముక్కల్ని తురిమి స్టీలు గిన్నెలో వెయ్యి. అల్యూమినియం గిన్నెను సోడా తినేస్తుంది, హైడ్రోజన్ వస్తుంది. కొద్దిగా నీళ్లు, ఆ నూనె పోసి, వేడినీళ్ల గిన్నె మీద పెట్టి సన్నమంట మీద గంట, గంటన్నర కలుపుతూ ఉండు. ఉడికించిన బంగాళాదుంప ముద్దలా అయ్యాక అచ్చులో నొక్కు.

పెరటి కుంకుడు:
ఆ సోడా ఏ డబ్బాలోదో కూడా చెప్పించండి. డ్రైనేజీకి అమ్మే పొడుల్లో ఇంకేం కలుపుతారో తెలియదు. అదైతే నేను వండనివ్వను.

వంటింటి సబ్బు:
డబ్బా చూశాను, సోడియం హైడ్రాక్సైడ్, అంటే కాస్టిక్ సోడా ఒక్కటే ఉంది. కిచెన్ స్కేల్ కొని నిన్న వండాను. ముద్ద గరుకుగా ఉంది, అందంగా లేదు. ఈ రోజు తాకిస్తే చురుకు లేదు.

పెరటి కుంకుడు:
సంతోషం. అయినా ముందు మీ చేతులకే రెండు వారాలు వాడి చూడండి. పాపకు అప్పటిదాకా సున్నిపిండే.