కృష్ణలంక పిల్లల దగ్గరకు మళ్లీ ఎలా వెళ్లాలి?

ప్రశ్న: 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు, విజయవాడ కృష్ణలంకలో మేము నడుపుతున్న సాయంత్రపు బడి ఆగిపోయింది. ఇన్నాళ్లకు మళ్లీ వెళ్లబోతున్నాం. ఆ కుటుంబాలను ఏమని పలకరించాలి?

జవాబు: మొదటి రోజే పుస్తకాలు, బియ్యం సంచులు పట్టుకెళ్లకండి. ఇంటింటికీ వెళ్లి, ఎవరు దూరమయ్యారో, ఏ పిల్లలు బడి మానేసి పనిలో చేరారో ఓపికగా వినండి. దగ్గరి బంధువులు సైతం కడచూపుకు రాలేకపోయిన కాలం అది, కాబట్టి పరామర్శ ఇంకా బాకీ ఉన్న ఇళ్లు ఉంటాయి.

మరో జవాబు: గుంటూరులో మేమూ అలాగే చేశాం. ఏం కావాలని తల్లులనే అడిగితే, ట్యూషన్ కంటే ముందు పిల్లలను తిరిగి బడిలో చేర్పించడానికి తోడు రమ్మన్నారు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. ముందు పరామర్శకే వెళ్తాం.