అప్‌డేట్: సండే స్కూల్లో నోరు విప్పని బాబు గురించి

తండ్రి రోడ్డు ప్రమాదంలో పోయాక మా సండే స్కూల్లో ఒక బాబు మాట్లాడటం మానేశాడని, చిన్న చప్పుడుకే బల్ల కిందకి దూరుతున్నాడని, ప్రార్థనతో పాటు ఇంకేం చేయాలని అడిగింది నేనే.

మీలో కొందరు చెప్పినట్టే టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి వాళ్లమ్మ చేత ఫోన్ చేయించాం. ఉచితం, తెలుగులోనే మాట్లాడారు. వాళ్ల సలహాతో ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో కౌన్సెలింగ్ నడుస్తోంది. "దయ్యం పట్టింది" అన్న ఒక పెద్దాయనకు పాస్టరుగారే నచ్చజెప్పారు. నాకు అసలు టెన్షన్ అదే!

క్లాసులో "ఏం జరిగిందో చెప్పు" అని ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. సాక్ష్యం చెప్పమని సభ ముందు నిలబెట్టడం లేదు. డప్పులు, మైకు ఆపేశాం. తర్వాత ఏం చేస్తామో ముందే చెబుతున్నాం. 13వ కీర్తనలో దావీదు ఇంకా ఎన్నాళ్లని దేవుణ్ణే నిలదీస్తాడు కదా, అది చదివి పిల్లలందరినీ తమ బాధ రాయమన్నాం, లేదా బొమ్మ వేయమన్నాం. వాడు లారీ గీసి నల్లగా రుద్దేశాడు. తర్వాత పక్కనున్న పాపను రబ్బరు అడిగాడట. నాతో ఇంకా మాట్లాడలేదు, పర్వాలేదు.

రాత్రిళ్లు ఉలిక్కిపడటం మాత్రం తగ్గలేదని వాళ్లమ్మ చెప్పింది. పిల్లలపై వేధింపుల అనుమానం ఉంటే చేయమన్న 1098 నంబరు కూడా చర్చి గోడకు అంటించాం.