రీమ్యాప్ చేయించాక ఘాట్‌లో లింప్ మోడ్‌కి (ఇంజిన్ తనంతట తానే పవర్ తగ్గించేసుకోవడం) పోతోంది, టర్బో పోయినట్టేనా?

ఘాట్‌రోడ్డోడు:
అన్నలూ, నాది 1.3 డీజిల్, వీజీటీ టర్బో (లోపలి రెక్కల కోణం మారే రకం), లక్షా పది వేలు తిరిగింది. రెండు నెలల కింద ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) స్టేజ్ 1 రీమ్యాప్ చేయించా, అంటే పవర్ పెంచే కొత్త ఫైల్ వేయించా, సిటీలో పికప్ అదిరిపోయింది. మొన్న శ్రీశైలం వెళ్తూ మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటాక ఎత్తులో లారీని దాటేద్దామని థర్డ్‌లో తొక్కితే, వెనకనుంచి ఎవరో తాడు కట్టి లాగినట్టు అయిపోయింది, ఇంజిన్ లైట్ వెలిగింది, ఎంత తొక్కినా లాగట్లా. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏం తెలీనట్టు మామూలుగా పోతుంది. దోమలపెంట చేరేలోపు మూడుసార్లు ఇదే. బ్లూటూత్ స్కానర్‌లో పీ0299 వచ్చింది. ట్యూనర్‌నడిగితే ఫైల్ పర్ఫెక్ట్ అంటాడు, మెకానిక్ టర్బో మార్చాలంటాడు. మా ఆవిడైతే బండిని కెలకొద్దని ముందే చెప్పానుగా అంటోంది, దానికి జవాబు లేదు.

డీజిల్ బాబాయ్:
తమ్ముడూ టర్బోకి డబ్బులు కట్టకు, ఆగు. పీ0299 అంటే అండర్‌బూస్ట్, టర్బో నుంచి ఈసీయూ అడిగినంత గాలి ప్రెషర్ (బూస్ట్) రాలేదని అర్థం. టర్బో చచ్చినా అదే కోడ్, పైపు చిరిగినా అదే కోడ్. రీమ్యాప్‌లో అడిగే బూస్ట్ పెంచుతారు కదా, పాత ప్రెషర్‌కి ఎలాగో ఓర్చుకున్న రబ్బరు పైపు కొత్త ప్రెషర్‌కి నోరు తెరుస్తుంది, అదీ ఘాట్‌లో వేడెక్కి మెత్తబడ్డాక. ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) పైపులు చేత్తో తడిమి చూడు, క్లాంప్ దగ్గర ఆయిల్ జిడ్డుకి దుమ్ము అంటుకుని నల్లగా ఉంటే అక్కడే అనుమానం. టర్బో రెక్కల్ని కదిపేది వాక్యూమ్ యాక్చువేటర్ అయితే స్టార్ట్ చేయగానే రాడ్ కదలాలి, కదలకపోతే ముందు ఆ సన్న వాక్యూమ్ పైపు చూడు. యాప్‌లో మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ప్రెషర్ కొలిచేది) రీడింగ్ కూడా చూడు, కానీ అది అబ్సల్యూట్, అంటే బయటి గాలి ప్రెషర్ కూడా అందులో కలిసే ఉంటుంది, హైదరాబాద్‌లో అయితే సుమారు 95 కేపీఏ తీసేస్తేనే అసలు బూస్ట్, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

స్టాక్ చాలు:
నేనైతే ముందు పాత ఫైల్ వేయించి అదే ఎత్తు ఎక్కిస్తా. ఒరిజినల్ ఫైల్ నీ దగ్గరుందా అసలు? లేకపోతే ఇప్పుడే అడిగి తీసుకో, ఫ్లాష్ చేసేటప్పుడు బ్యాటరీకి చార్జర్ పెట్టమను, మధ్యలో వోల్టేజ్ పడిపోతే ఈసీయూ లేవకపోవచ్చు.

డీజిల్ బాబాయ్:
పాత ఫైల్‌తో కోడ్ రాకపోతే మాత్రం ఏం తేలింది బ్రో, లీక్ అలాగే ఉంటుంది, కనపడదంతే. ముందు పైపులు చూడనీ.

ఘాట్‌రోడ్డోడు:
బాబాయ్ దొరికింది!! టర్బో వైపు లైన్ మూసేసి పంక్చర్ షాపులో అర బార్ గాలి పెట్టించి సబ్బునీళ్లు కొట్టాం, ఇంటర్‌కూలర్ నుంచి మానిఫోల్డ్‌కి (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి) వెళ్లే పైపు అడుగున క్లాంప్ పక్కనే బుడగలు. తిప్పి చూస్తే గోరంత చీలిక, పైనుంచి చూస్తే అస్సలు తెలీదు. కొత్త పైపు వేశా, పద్నాలుగొందలు. నిన్న వికారాబాద్ అనంతగిరి ఎత్తులో థర్డ్‌లోనే తొక్కా, కోడ్ రాలేదు. కానీ ఫోర్త్‌లో గట్టిగా తొక్కితే ఆర్‌పీఎం లేస్తోంది, స్పీడ్ పెరగట్లా... ఇదేంటి మళ్లీ?

స్టాక్ చాలు:
క్లచ్ జారుతోంది.