పాయింట్ షూలో బొటనవేలి నొప్పి: సరిచేయాల్సింది షూనా, పాదాన్నా?

ప్రశ్న: ఒక తల్లి, లెస్టర్

మా అమ్మాయికి 13 ఏళ్లు. ఏడో ఏట నుంచి బ్యాలే నేర్చుకుంటోంది, వారానికి మూడు క్లాసులకు వెళ్తుంది; పాయింట్ (గట్టి ముందుభాగమున్న షూ తొడిగి వేళ్ల మొనల మీదికి లేచి చేసే నాట్యం) మాత్రం ఈ ఏడాదే మొదలుపెట్టారు. బార్ (ఆసరాకు గోడ పక్కన ఉండే కమ్మీ) పట్టుకుని రెండు కాళ్ల మీద లేచినప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు. హాలు మధ్యకు వచ్చి ఒంటికాలి మీద లేవగానే పాదం షూ లోపలికి దిగిపోతున్నట్టు ఉంటుందనీ, బరువంతా బొటనవేలి కొస మీదే పడుతోందనీ చెబుతోంది. కుడి బొటనవేలి గోరు నల్లబడింది, రెండో వేలి కణుపు మీద ఆనెకాయ లేచింది. టీచర్‌ను అడిగితే పాదంలో ఇంకా బలం రాలేదనీ, ఒంటిని పైకి లాగి పట్టుకోవడం అలవడేదాకా ఏ షూ తొడిగినా ఇంతేననీ అన్నారు. షూ కొన్న దుకాణంలో మందపాటి జెల్ ప్యాడ్ పెట్టమన్నారు. కొన్నప్పుడు కూడా, ఎదిగే పిల్ల కదా అని అర సైజు పెద్దదే ఇచ్చారు. క్లాసులోని మరో పిల్ల తల్లి, గుడ్డా జిగురుతో చేసే పాతరకం షూ మానేసి గేనర్ మిండెన్ కంపెనీ సింథటిక్ షూ కొనమంటున్నారు. ముందు దేని సంగతి చూడాలో తెలిసినవారు కారణాలతో సహా చెప్పాలని కోరుతున్నాను.

బ్యాలే టీచర్, న్యూజెర్సీ

మీ అమ్మాయి టీచర్ మాటే నా మాట కూడా. పాయింట్ షూ పాదాన్ని నిలబెట్టదు, నిలబడగలిగిన పాదానికి ఆసరా ఇస్తుంది. 1832లో పారిస్ ఒపేరాలో మారీ టాల్యోనీ ‘లా సిల్ఫీడ్’ నర్తించినప్పుడు ఆమె కాళ్లకు ఉన్నవి దారపు కుట్లతో బిగువు తెచ్చిన మెత్తని శాటిన్ జోళ్లే తప్ప ఇప్పటిలాంటి, వేళ్లను చుట్టి ఉండే గట్టి బాక్స్ కాదు. ఇటలీలో ముందుభాగాన్ని గట్టిపరచిన షూలు వచ్చాక, పియెరీనా లెన్యానీ 1895 నాటి ‘స్వాన్ లేక్’లో వరుసగా 32 ఫ్వెతేలు (ఒంటికాలి మీద నిలిచి రెండో కాలిని విసురుతూ తిరిగే చుట్లు) తిరగగలిగింది; అయితే అప్పుడైనా, ఇప్పుడైనా పైకి లేపేది పాదంలోనూ పిక్కలోనూ నడుములోనూ ఉన్న బలమే.

మీరు రాసిన దాంట్లోనే నాకు ఆధారం దొరుకుతోంది. రెండు కాళ్ల మీద బాగున్నది ఒంటికాలి మీద చెడిందంటే బరువు పెరిగేసరికి పాదం పట్టు వదిలేసిందన్నమాట. ఆ క్షణంలో చాలామంది పిల్లలు నేలను పట్టుకోవాలన్న ఆత్రంలో వేళ్లు ముడిచేస్తారు. ముడిచిన వేళ్ల కణుపులు బాక్స్ పైభాగానికి ఒరుసుకుని సరిగ్గా అక్కడే ఆనెకాయ కడుతుంది. చీలమండ లోపలివైపుకు వాలితే బరువు బొటనవేలి మీదికి పోతుంది. డెమీ పాయింట్ (మడమ ఎత్తి వేళ్ల మొదళ్ల మీద నిలిచే స్థితి) మీదుగా పాదాన్ని కొద్దికొద్దిగా విప్పుకుంటూ లేవకుండా ఒక్క ఊపున ఎక్కే పిల్లల్లో ఈ రెండు లోపాలూ కలిసి కనిపిస్తాయి. వీటిని మార్చకుండా షూ మారిస్తే కొత్త షూలోనూ అదే నొప్పి వస్తుంది.

షూ ఫిట్టర్, లండన్

టీచర్ గారి అనుభవం పట్ల గౌరవంతోనే విభేదిస్తున్నాను. ఒంటికాలి మీద నిలబడితే ఆ షూ మీద పడే బరువు రెట్టింపవుతుంది. బాక్స్ వదులుగా ఉంటే రెండు కాళ్ల మీద ఎలాగో ఆగిన పాదం అప్పుడే జారుతుంది. కాబట్టి అది పాదం బలహీనతకు ఎంత సాక్ష్యమో బాక్స్ వెడల్పుకూ అంతే సాక్ష్యం.

పాయింట్ మీద బరువంతా వేలికొసల మీద ఆనకూడదు. బాక్స్ గోడలూ, పక్కనుండే వింగ్స్, పైనుండే వాంప్ కలిసి వేళ్ల మొదళ్లను చుట్టూ ఒడిసి పట్టుకుంటే బరువులో మంచి భాగాన్ని ఆ పక్కలు పంచుకుంటాయి. ఆ పట్టు లేనప్పుడు పాదం గరాటులోకి దిగినట్టు దిగి, బొటనవేలి గోరు షూ కొసన చదునుగా ఉండే ప్లాట్‌ఫాంకు గుద్దుకుంటుంది. అలా దిగిన పాదంలో, ముఖ్యంగా రెండో వేలు పొడవుగా ఉంటే, వేళ్లకు ముడుచుకోవడం తప్ప దారి ఉండదు. వేళ్లు ముడవవద్దని టీచర్ ఎంత చెప్పినా ఆ షూలో అది జరిగే పని కాదు. పైగా కొన్ని పాదాలు నేల మీద వెడల్పుగా పరుచుకుని, పాయింట్ మీదికి వెళ్లగానే సన్నబడతాయి. అలాంటి పాదాన్ని నిలబెట్టి కొలిస్తే తప్పకుండా వదులు షూ చేతికొస్తుంది.

ఇంట్లోనే చూడండి. ప్యాడ్ పెట్టి షూ తొడిగి, కాళ్లు ఎడం చేసి ప్లియే (మోకాళ్లు వంచడం) చేయించండి. వేళ్లు కొసకు తగలాలి, కానీ చదునుగానే ఉండాలి. తర్వాత బార్ పట్టుకుని ఒక కాలిని పాయింట్ మీద పెట్టించి, మడమ వెనుక శాటిన్‌ను గిల్లి పట్టుకోండి. చిటికెడు గుడ్డ వస్తే పొడవు సరిపోయినట్టు. పెద్ద మడత వస్తే షూ పొడవైనా అయి ఉండాలి, పాదం ముందుకు జారైనా ఉండాలి. అదే స్థితిలో బాక్స్ పక్కన మీ వేలు సులువుగా దూరితే వెడల్పు ఎక్కువ.

ఎదిగే పిల్లలకు సైజు పెంచి ఇచ్చే అలవాటు మీద నాకు నిజంగా కోపం ఉంది. స్కూలు బూట్లలో అది చెల్లుతుంది, ఇందులో చెల్లదు. మందపాటి జెల్ ప్యాడ్ ఆ వదులును కొన్నాళ్లు కప్పిపెడుతుంది, తర్వాత అది నలిగిపోయి పాదం మళ్లీ దిగుతుంది, ఈలోగా వేళ్లకు నేల స్పర్శే తెలియకుండా పోతుంది.

బ్యాలే టీచర్, న్యూజెర్సీ

అర సైజు పెద్దది ఇవ్వడం తప్పని ఒప్పుకుంటాను. కానీ దుకాణంలో పాదం తాజాగా ఉంటుంది. క్లాసు చివర అలసిన పాదాన్ని చూసేది మేము. ఏడాదిలో నాలుగు బ్రాండ్లు మార్చి, నాలుగింటిలోనూ వేళ్లు ముడిచిన పిల్లలకు నేను నేర్పాను.

ఫిజియోథెరపిస్ట్, మెల్‌బోర్న్

ఇద్దరి వాదాన్నీ వేరుచేసి చూడడానికి ఒక మార్గం ఉంది: షూ విప్పేయడం. ఒట్టికాళ్లతో, వేలి మొనతో గోడను తాకుతూ ఒంటికాలి మీద డెమీ పాయింట్‌కు నెమ్మదిగా లేపి దింపించండి. అలసట వచ్చేదాకా చేయించి, వేళ్లనూ చీలమండనూ గమనించండి. వేళ్లు నేల మీద పొడవుగా పరుచుకుని, చీలమండ ఎటూ వాలకుండా ఉండి, షూలో మాత్రమే చెడుతుంటే లోపం షూలో వెతకాలి. ఒట్టికాళ్లతోనే వేళ్లు కొక్కేల్లా వంగుతుంటే టీచర్ గారిది సరైన మాట. అప్పుడు వేళ్లు ముడవకుండా వాటి మొదళ్లను నేలకు అదిమి పాదం మధ్యభాగాన్ని గొడుగులా పైకి లేపే అభ్యాసం రోజూ చేయాలి. కుడి పాదాన్నీ ఎడమ పాదాన్నీ వేర్వేరుగా చూడండి. గోరు ఒక్క కుడివైపే నల్లబడిందని రాశారు గనుక రెండింటికీ ఒకే జవాబు రాకపోవచ్చు.

నాట్య వైద్యానికి సంబంధించిన అంతర్జాతీయ సంఘం సూచనల్లో 12 ఏళ్లలోపు పాయింట్ వద్దని ఉంది, అయితే వయసు ఒక్కటే అర్హత కాదని కూడా ఉంది. మీ అమ్మాయి వయసు, క్లాసుల సంఖ్య విషయంలో నాకు అభ్యంతరం లేదు. చీలమండ వెనుక, పాదం పూర్తిగా సాచినప్పుడు నొక్కుకుపోయినట్టు నొప్పి వస్తే మాత్రం ఈ చర్చ పక్కనపెట్టి వైద్యుడికి చూపించండి. అక్కడ అదనపు చిన్న ఎముక గానీ, బొటనవేలిని వంచే కండరపు స్నాయువు వాపు గానీ ఉండే అవకాశం ఉంది.

షూ ఫిట్టర్, లండన్

గేనర్ మిండెన్ గురించి అడిగారు. 1993లో న్యూయార్క్‌లో మొదలైన ఆ షూలో షాంక్ (అరికాలి కింద ఆసరాగా ఉండే గట్టి పట్టీ), బాక్స్ సింథటిక్ పదార్థంతో చేస్తారు. అది మోసమని కొందరు టీచర్లు అంటారు; జిలియన్ మర్ఫీ, అలీనా కోజొకారు అంతటి పేరున్న బ్యాలే నర్తకులు అవే తొడుక్కుని నర్తించారు కాబట్టి ఆ మాటను నేను లెక్కలోకి తీసుకోను. నా జాగ్రత్త వేరు. గుడ్డ, కాగితం, పిండి జిగురు పొరలతో చేసిన బాక్స్ చెమటకూ వేడికీ మెత్తబడి కొంతవరకు పాదానికి తగ్గట్టు ఒదుగుతుంది. సింథటిక్ షూ అంతగా ఒదగదు, దాని షాంక్ కూడా వాడగా వాడగా మెత్తబడదు. అందుకే షాంక్ గట్టిదనాన్ని, బాక్స్ వెడల్పును మొదటిరోజే సరిగ్గా ఎంచుకోవాలి. వదులు బాక్స్ ఏ పదార్థంతో చేసినా వదులే. ఖర్చు ఎక్కువైన ఆ మార్పు కంటే ముందు, ఇప్పుడున్న రకంలోనే అర సైజు తగ్గించి, సన్నని వెడల్పులో వేసి చూడండి. ఫ్రీడ్ వంటి తయారీదారులు ఒకే పొడవులో పలు వెడల్పులు ఇస్తారు. క్లాసులో తొడిగే టైట్స్‌తోనే వెళ్లండి, పాత షూ కూడా పట్టుకెళ్లండి. ప్లాట్‌ఫాం శాటిన్ ఏ అంచున అరిగిందో చూస్తే బరువు ఎటు పోతోందో తెలుస్తుంది.

బ్యాలే టీచర్, న్యూజెర్సీ

ఆ అరుగుదలను ముందుగా మీ అమ్మాయి టీచర్‌కు చూపించండి, ఎందుకంటే చీలమండ వాలితే ఆ గుర్తు కొత్త షూ మీదా పడుతుంది. నల్లబడిన గోరు నొప్పి తగ్గేదాకా పాయింట్ ఆపి, మెత్తని షూలోనే బార్ దగ్గరి అభ్యాసాలన్నీ చేయించమని అడగండి. ఈ ఒక్క విషయంలో ఫిట్టర్ గారికీ నాకూ తేడా ఉండదనుకుంటాను.