సమస్య: మంచు నెత్తురు కక్కెను మాపువేళ

నిర్వాహకుడు:
కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి అనే నాలుగు పాదాల పద్యంలో చివరి పాదం. ముందు మూడు పాదాలు మీరు రాసి, అర్థం కుదిరేలా పూరించాలి.

మంచు నెత్తురు కక్కెను మాపువేళ

నిబంధన ఒక్కటే. గియెర్మో దెల్ తోరో తీసిన ‘క్రిమ్సన్ పీక్’ (2015) సినిమాలోంచి పూరించాలి. చూడనివారి కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. అది 1901. అమెరికాలోని బఫెలోలో ఉండే ఎడిత్‌కు రచయిత్రి కావాలని కోరిక. ఇంగ్లండు నుంచి వచ్చిన థామస్ షార్ప్‌ను పెళ్లాడి, కంబర్లండ్‌లోని అల్లర్‌డేల్ హాల్ అనే పాత మేడకు కాపరానికి వెళ్తుంది. ఆడపడుచు లూసిల్ కూడా అక్కడే. పైకప్పుకు పెద్ద చిల్లు ఉంది, మంచు నేరుగా హాల్లోనే పడుతుంది. కింద ఎర్ర బంకమట్టి. ఇల్లు అందులోకి కుంగిపోతూ ఉంటుంది. ఈ మేడను టొరంటోలో మూడంతస్తుల సెట్టుగా నిజంగానే కట్టారు, లిఫ్టు కూడా పనిచేసేదట. పూరణల్లో కథ గుట్టు బయటపడుతుంది. సినిమా చూడాలనుకునేవారు ముందు చూసి రండి.

గుంటూరు సభ్యులు:
ఎఱ్ఱ మట్టిలో మునిగిన యింటిచుట్టు
కురిసె తెల్లగ, నడుగున గుట్టు దాఁచి
యూటగా మట్టి పైకుబ్బి యూరుచుండ
మంచు నెత్తురు కక్కెను మాపువేళ

నిర్వాహకుడు:
సినిమాలో ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పారు. ఇల్లున్న కొండకు ఊరివాళ్లు పెట్టిన ‘క్రిమ్సన్ పీక్’ (ఎర్ర శిఖరం) అనే పేరే అలా వచ్చింది కదా, చలికాలం మట్టి మంచులోంచి పైకి ఊరి నేలంతా ఎర్రబడుతుంది. ‘గుట్టు దాఁచి’ బాగుంది, ఎందుకంటే నేలమాళిగలోని మట్టి తొట్టెల్లో దాగినది మట్టి ఒక్కటే కాదు. చిన్న మాట: కురిసింది ఏమిటో నాలుగో పాదం దాకా తెలియదు. అన్వయం కుదిరింది గానీ చదివేవాడు ఒక్క క్షణం వెతుక్కుంటాడు.

కొత్త సభ్యురాలు, వరంగల్లు:
ఇది నా మొదటి ప్రయత్నం. తప్పులుంటే చెప్పండి గురువుగారూ.

నల్ల దయ్యమై చెప్పెను తల్లి వచ్చి
యెఱ్ఱ శిఖరము చేరకు మెపుడు నంచు
పేరు తెలియక వచ్చిన బిడ్డయెదుట
మంచు నెత్తురు కక్కెను మాపువేళ

గుంటూరు సభ్యులు:
అమ్మా, మొదటి పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ అక్షరం) తప్పింది. ‘న’కు ‘త’ ఎలా చెల్లుతుంది?

నిర్వాహకుడు:
తప్పలేదండీ. నల్ల, తల్లి. రెండో అక్షరాలు చూడండి, అవి కలిశాయి, అంటే యతికి బదులు ప్రాసయతి ఉంది. తేటగీతికి అది చెల్లుతుంది. ఎర్ర శిఖరం అంటే అల్లర్‌డేల్ హాలేనని ఎడిత్‌కు అక్కడికి చేరాక గానీ తెలియదు. మూడో పాదంలో నాలుగు మాటల్లో అది పెట్టేశారు. మొదటి ప్రయత్నమంటే నమ్మబుద్ధి కావడం లేదు.

కొత్త సభ్యురాలు, వరంగల్లు:
ధన్యవాదాలండీ. నిజం చెప్పాలంటే ప్రాసయతి అని నాకు తెలియదు, చెవికి బాగుందని వేశాను. ఇంకో సందేహం. దీన్ని మేడ అనాలా, దివాణం అనాలా? మా వైపు ఇలాంటిదాన్ని గడీ అంటాం.

నిర్వాహకుడు:
గడీ అంటే మనకు దొరతనం, వెట్టి గుర్తొస్తాయి. షార్పులకు మిగిలింది పేరొక్కటే, చేతిలో డబ్బు లేదు. మట్టి తవ్వే యంత్రానికి పెట్టుబడి కోసం పెళ్లాల కట్నాల మీద బతికినవాళ్లు. నన్నడిగితే ‘పాడుబడ్డ మేడ’ చాలు.

డాలస్ సభ్యులు:
నిబంధన దాటుతున్నాను, మన్నించండి. అంటార్కిటికాలో టేలర్ హిమానీనదం నుంచి నిజంగానే ఎర్రనీళ్లు కారుతాయి. ఉప్పునీటిలో ఇనుము ఉంటుంది, గాలి తగలగానే తుప్పు రంగుకు తిరుగుతుంది.

ఇనుము కలసిన నీరమె హిమము చీల్చి
గాలి తగులగ తుప్పయి కాంతి మాఱె,
దక్షిణపు కొస నేలను ధవళమైన
మంచు నెత్తురు కక్కెను మాపువేళ

నిర్వాహకుడు:
పద్యం నిర్దోషం, విషయం కొత్తది. కానీ అక్కడ వేసవిలో నెలల తరబడి పొద్దే గుంకదు. మాపువేళ ఎక్కడినుంచి తెచ్చారు? చలికాలమంటారా, ఆ చీకట్లో ఎరుపు ఎవరు చూశారు?

డాలస్ సభ్యులు:
దొరికిపోయాను.

విశాఖ సభ్యురాలు:
నేను మంచు జోలికే పోలేదు.

ఆడపడు చిచ్చె తేనీటి నాదరమున,
విషము కలదని యెఱుగక వెలఁది యెడితు
తనివి తీరగ జుఱ్ఱెను దాని నమృత
మంచు, నెత్తురు కక్కెను మాపువేళ

నిర్వాహకుడు:
భేష్! ‘అమృతమంచు’ అని పాదం మీద విరిచారు. మంచు మాయమైపోయింది, సమస్య మిగల్లేదు. అందరం కిటికీలోంచి బయట మంచు చూస్తుంటే మీరు వంటింట్లోకి వెళ్లారు. అసలు ప్రమాదం ఉన్నది అక్కడే. ఆ ఇంట్లో దయ్యాలు ఎడిత్‌ను భయపెడతాయి గానీ చంపాలని చూడవు, నీకు ముందొచ్చిన భార్యల గతి ఇదీ అని చూపించడానికే వస్తాయి. చంపేవాళ్లు కప్పుల్లో టీ పోసి ఇస్తారు.

గుంటూరు సభ్యులు:
ఒక అభ్యంతరం. ఆ టీ చేదుగా ఉందని ఎడితే అంటుంది కదా. ‘తనివి తీరగ’, ‘అమృతమంచు’ ఎలా కుదురుతాయి?

విశాఖ సభ్యురాలు:
అవును, మర్చిపోయాను. అమృతం మీద మోజుతో చేదు గుర్తురాలేదు. మూడో పాదం ఇలా మారిస్తే?

తప్పదని చేదు మింగెను తనకుఁ బథ్య
మంచు, నెత్తురు కక్కెను మాపువేళ

నిర్వాహకుడు:
ఇది ఇంకా బాగుంది. ‘పథ్యమంచు’ అనగానే మన ఇళ్లల్లో కషాయం గ్లాసు పట్టుకుని మంచం పక్కన నిలబడే పెద్దవాళ్లు కళ్లముందు మెదిలారు. లూసిల్ చేసేదీ అచ్చం అదే, సేవ చేస్తున్నట్టే ఉంటుంది. ‘యెడితు’ మాత్రం పంటికింద రాయిలా ఉంది, కానీ పరాయి పేర్లతో ఆ తిప్పలు తప్పవు.

కొత్త సభ్యురాలు, వరంగల్లు:
పాదం ఇలా విరవచ్చని తెలిస్తే నేనూ ప్రయత్నించేదాన్ని. వచ్చే వారం ఏమిటండీ?

నిర్వాహకుడు:
సినిమా అదే. మళ్లీ తేటగీతే.

దయ్యములె మేలు మనుజులే దయ్యములట

ఈసారి ఆడపడుచును వదిలేసి రాయండి చూద్దాం.