డేకేర్‌కు వెళ్తున్నప్పటి నుంచి పాప కొరుకుతోంది, మానిపించాలా?

ప్రశ్న: పాపకు రెండేళ్లు దాటాయి. డేకేర్‌లో చేర్చి కొన్ని వారాలైంది. అక్కడ బుద్ధిగానే ఉంటుందట, ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటేనే ఏడుపు, నేలమీద పడి దొర్లడం, ఎత్తుకోబోతే చేయి కొరికేయడం. ముందు ఇలా లేదు. "ఇంత చిన్నపిల్లను పంపితే మొండికెయ్యదా మరి" అంటున్నారు అత్తయ్య. ఉద్యోగం మానలేను. నిజంగా డేకేర్ వల్లేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: నేను ప్లేస్కూల్లో టీచర్నండి. ఈ వయసులో కొరకడం మామూలే, డేకేర్ ముఖం చూడని పిల్లలూ కొరుకుతారు, మాటలు ఇంకా పూర్తిగా రావు కదా. పైగా రోజంతా బొమ్మ కోసం ఆగి, కొత్తవాళ్ల మాట విని, ఏడుపొచ్చినా దిగమింగుకున్న పిల్ల మిమ్మల్ని చూడగానే అదంతా కక్కేస్తుంది. మీ దగ్గర భయం లేదు కాబట్టే. ఇంటికి రాగానే ఏదైనా తినిపించి కాసేపు ఒళ్లో కూర్చోబెట్టుకోండి, ఏం చేశావ్, ఎవరితో ఆడావ్ అని అప్పుడే అడగొద్దు. కొరికితే "నొప్పి, కొరకొద్దు" అని చెప్పి చేయి తీసేసుకోండి. బుద్ధి రావాలని తిరిగి కొరికేవాళ్లుంటారు, అది మాత్రం వద్దు.

జవాబు 2: టీచర్ గారు చెప్పింది నిజమే గానీ డేకేర్ ప్రభావం అసలు లేదనలేం. అమెరికాలో 1991లో మొదలుపెట్టి 1,300 మందికి పైగా పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించారు. ఎక్కువ గంటలు ఇతరుల దగ్గర పెరిగినవాళ్లలో మాట వినకపోవడం, గొడవపడటం కాస్త ఎక్కువ కనిపించాయి. కాస్తే, చాలామంది మామూలు హద్దుల్లోనే ఉన్నారు. బాగా చూసుకునే చోట ఉన్నవాళ్లకు మాటలు మెరుగ్గా వచ్చాయి, అన్నిటికన్నా ఇంటి ప్రభావమే పెద్దదని తేలింది. కెనడాలోని క్యూబెక్‌లో మాత్రం 1997లో చౌక డేకేర్ పథకం వచ్చాక పిల్లల్లో ఆందోళన, దూకుడు పెరిగాయని ఆర్థికవేత్తలు రాశారు. నన్నడిగితే మానిపించే ముందు గంటలు తగ్గించే వీలుందేమో చూడండి.

జవాబు 3: గంటలతో పాటు ఆ చోటు కూడా చూడాలి. చెప్పకుండా ఒక మధ్యాహ్నం వెళ్లండి. ఒక్కో ఆయాకి ఎంతమంది పిల్లలు, ఏడుస్తున్న పిల్ల దగ్గరికి ఎవరైనా వచ్చి కూర్చుంటున్నారా, లేక దూరం నుంచే కేకలేస్తున్నారా, పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆయాలు తరచూ మారుతున్నారా అనీ అడగండి. మా బాబు అలవాటైన ఆయా మానేశాక మళ్లీ మొదటికొచ్చాడు.

ప్రశ్న అడిగినవారు: ఆయా ఈమధ్యే మారిందండి, దాని గురించి ఆలోచించనేలేదు. రేపు మధ్యాహ్నం వెళ్లి చూస్తాను.