"మృద్వి హత్తుకొనును మెదడు..." తర్వాతేమిటి?

గళ్ళనోటుబుక్కు: మా హైస్కూలు సైన్సు మాస్టారు మెదడు పొరల మీద సొంతంగా ఓ ఆటవెలది కట్టి మా చేత వల్లె వేయించారు. ముప్ఫై ఏళ్ళయింది. నిన్న మా అమ్మాయి పుస్తకంలో బొమ్మ చూడగానే బయటికొచ్చింది. చివరి గణం మాత్రం చిక్కట్లేదు.

తలను మూడు పొరలు దాల్చియు మెదడుండు
పైవరాశికయును బట్టలాగ
లౌతికళయు నడుమ లగ్నమై లోపల
మృద్వి హత్తుకొనును మెదడు ...

"నెపుడు" అన్నారా, "నమ్మ" అన్నారా?

గురులఘువు: రెండూ సూర్యగణాలే, ఛందస్సుతో తేలదు. అది అటుంచి, రెండో పాదం తప్పు రాశారు. "బట్టులాగ" అయ్యుండాలి. "వరాశికయును" ద్రుతాంతం (చివర "ను" ఉన్న మాట), దాని మీద "పట్టు" కాస్తా "బట్టు" అయింది. మీరు బట్ట అని విన్నారు.

అమరం_అరకొర: సంధి సరే, అర్థం సంగతేమిటి? "వరాశిః స్థూలశాటకః" అంటుంది అమరకోశం. ముతక గుడ్డ! పుర్రెకి లోపలివైపు అంటుకునుండే ఆ మందపాటి పొరకి, అదే డ్యూరా మేటర్‌కి, ఈ పేరు వెతికిపెట్టినవాళ్ళకి దండం పెట్టాలి. ముతక గుడ్డని ఎవరైనా పట్టుతో పోలుస్తారా? బట్టే.

గురులఘువు: పద్యంలో "లాగ" వాడిన మనిషికి అమరం కంఠస్థమంటారా? "పట్టువలెను" అంటే హాయిగా సరిపోయేది కదా.

అమరం_అరకొర: ఆయన సైన్సు మాస్టారండీ, అష్టావధాని కాదు.

తాటాకు: లౌతికళలో ళకారం నాకు మింగుడు పడదు. లూత అంటే సాలెపురుగు, అంతవరకూ బాగుంది. కానీ సుశ్రుతుడు చెప్పిన ఏడు పొరలూ మాంసధర, రక్తధర, మేదోధర... అన్నీ "కలా". మనవాళ్ళు ళ చేసేసరికి మొహంలో కళలా తయారైంది.

గురులఘువు: చంద్రకళ కూడా అక్కడ కలానే. లళయోరభేదః, ల అన్నా ళ అన్నా ఒకటే, వదిలెయ్యండి.

భేజావేపుడు: నాకు యతులూ గితులూ తెలియవు గానీ "హత్తుకొనును" అన్న మాట దగ్గర ఆగిపోయాను. మేక భేజా ఎప్పుడైనా శుభ్రం చేశారా? పసుపునీళ్ళలో వేసి తీశాక పైన ఎర్రటి సన్న నరాలతో ఓ పొర ఉంటుంది. మడతల్లోకి కూడా దూరిపోయి ఉంటుంది. గోటితో గట్టిగా లాగారా, పొరతో పాటు మెదడు ముక్కా ఊడొస్తుంది. మీ మృద్వి అదేనేమో.

తాటాకు: అదేనమ్మా. దానికీ లౌతికళకీ మధ్యనే మస్తిష్క మేరు ద్రవం ఉండేది. పెద్దవాళ్ళలో మొత్తం కలిపి సుమారు 150 మిల్లీలీటర్లు, ఓ టీ గ్లాసుడు.

అమరం_అరకొర: అసలు ప్రశ్నకి వస్తే, నా ఓటు "నమ్మ"కే. మెదడును అమ్మ హత్తుకుంటుంది. మృద్వి అంటే పయా మేటర్, అందులో మేటర్ అంటే లాటిన్‌లో అమ్మ. అది అరబ్బీ "ఉమ్మ్"కి అనువాదం. 12వ శతాబ్దంలో అంటియోక్ స్టీఫెన్ అరబ్బీ వైద్యగ్రంథాన్ని లాటిన్ చేసినప్పుడు వచ్చిన మాట. మాస్టారు కావాలనే అమ్మని చివర కూర్చోబెట్టారు.

గురులఘువు: పద్యంలో "లాగ" వేసిన మనిషికి ఇప్పుడు అరబ్బీ కూడా వచ్చా? అది ఉత్త పాదపూరణ "అమ్మ". వినవమ్మా అన్నట్టు.

వేమన్నచెలిమి: చెవిని అడగండి. "జాడ వేరు", "పురుగులుండు", "చల్లగాను", "వినుర వేమ". వేమన పాదం గురువు మీద ఊగి లఘువు మీద ఆగుతుంది. "నెపుడు" అంటే మూడు లఘువులూ గాలికి ఎగిరిపోతాయి. ఆ ఊపు చూసే కదా బ్రౌన్ దొర వేమన వెంట పడింది!

తాటాకు: అది అలవాటు, నియమం కాదు. బ్రౌన్ వెంట పడింది ఊపు కోసమని ఎవరు చెప్పారు?

(ఇక్కడ బ్రౌన్ గురించి పదిహేడు వ్యాఖ్యలు.)

భేజావేపుడు: చిన్నమెదడు మీద పద్యం కట్టలేదా మీ మాస్టారు?

గళ్ళనోటుబుక్కు: లేదండీ. బల్లల మధ్య తాగినవాడిలా తూలుతూ నడిచి "ఇదిరా అనుమస్తిష్కం దెబ్బతింటే" అన్నారు. ఊపిరిని నడిపే మెదడు భాగం మజ్జాముఖానికైతే అందరినీ ఊపిరి బిగబట్టమన్నారు. ఒక్కొక్కడూ భుస్సుమని వదిలేస్తుంటే "నువ్వు వద్దన్నా అది పీల్పిస్తుంది" అని నవ్వారు. ఆ రెండూ అక్షరం పొల్లుపోలేదు. పద్యమే పోయింది.

తాటాకు: మీ అమ్మాయి పుస్తకంలో కల అని ఉందా, కళ అనా?

గళ్ళనోటుబుక్కు: రెండూ లేవండీ. ఇంగ్లీషు మీడియం.

గురులఘువు: పోనీ, "బట్టు" సంగతి తేల్చుకుందాం.